బడి వాట్సాప్ గ్రూపులోకి పాఠాన్ని తీసుకురావడం ఎలా

ఏ ఉన్నత పాఠశాలలోనైనా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు తెరిచి, గత వారం రోజుల సందేశాలను ఒకసారి చూడండి. ఆధార్ నవీకరణకు చివరి తేదీ, మధ్యాహ్న భోజనం ఫొటోలు, రేపు సెలవా కాదా అన్న ప్రశ్న, దాని కింద వరుసగా ‘ఓకే సార్’లు, ఎవరో పంపిన శుభోదయం పూలగుత్తి కనిపిస్తాయి. పాఠం మాత్రం కనిపించదు. ఈ గ్రూపుల్లో చాలావరకు 2020లో బడులు మూతపడినప్పుడు పుట్టినవే. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, ఏ తరగతి పాఠం ఎన్ని గంటలకు వస్తుందో చెప్పడానికీ, పిల్లలు రాసిన నోటు పుస్తకాల ఫొటోలు తెప్పించుకోవడానికీ వీటినే వాడుకున్నాం. బడి తెరిచాక అవి నోటీసు బోర్డులుగా మిగిలిపోయాయి.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుడిగా, ఆ గ్రూపును మళ్లీ పాఠానికి పనికొచ్చేలా నడపడానికి నేను చేసిన ప్రయత్నాల్లో నిలిచినవాటిని ఇక్కడ రాస్తున్నాను. ఇందుకు కొత్త యాప్ ఏదీ అక్కరలేదు. ఉన్నదాన్నే పిల్లల ఇంటి పరిస్థితికి సరిపెట్టుకుంటే చాలు. ఆ పరిస్థితిలో అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: మా పిల్లల్లో ఎక్కువమంది చూసే ఫోను వాళ్ల నాన్నది, అది పని నుంచి ఇంటికి వచ్చేది సాయంత్రం ఏడు దాటాకే.

ముందు ఫోను సంగతి తెలుసుకోండి

గ్రూపులో ఏదైనా పెట్టే ముందు ప్రతి పిల్లవాడి చేత ఒక కాగితంపై నాలుగు విషయాలు రాయించండి. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉందా, అది ఎవరి దగ్గర ఉంటుంది, రోజూ ఏ వేళ నుంచి ఏ వేళ వరకు చేతికి దొరుకుతుంది, ఆ ఫోను మీద ఇంట్లో ఇంకెవరెవరు చదువుకుంటున్నారు. ‘ఫోను ఉన్నవాళ్లు చేతులెత్తండి’ అని తరగతిలో అడిగితే లేనివాళ్లు కూడా ఎత్తుతారు కాబట్టి, కాగితంపై రాయించడమే మేలు. పల్లెల్లో ఇంకొక సంగతి కూడా బయటపడుతుంది: రోజువారీ డేటా ప్యాకులో ఒకటిన్నర జీబీ అయినా, రెండు జీబీలైనా, ఫోను పిల్లల చేతికి వచ్చేసరికి చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. అందుకని రాత్రి ఎనిమిది గంటలకు మీరు పంపిన పది నిమిషాల వీడియో, ఎంత బాగా ఉన్నా, తెరుచుకోక గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఒక నిమిషం వాయిస్ మెసేజ్ సగం ఎంబీ కూడా ఉండదు, బోర్డు మీద రాసినదాని ఫొటో కూడా తేలిగ్గానే వెళ్తుంది. మీరు పంపేవన్నీ ఈ లెక్కకు లోబడి ఉండాలి.

ఈ కాగితాలు చూశాక నేను ఒక వేళ పెట్టుకున్నాను. పాఠానికి సంబంధించిన సందేశం సాయంత్రం ఆరున్నరకు వెళ్తుంది, గ్రూపు ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంటుంది. ఆ తరువాత అడ్మిన్లు తప్ప ఎవరూ సందేశం పంపలేకుండా సెట్టింగ్ మార్చేస్తాను. వేళ లేని గ్రూపులో ఉపాధ్యాయుడికి రాత్రి పదకొండింటికి కూడా సందేహాలు వస్తాయి, తండ్రికి పొద్దున ఐదింటికే ఫోను మోగుతుంది. రెండు నెలలు తిరిగేసరికి అందరూ దాన్ని మ్యూట్‌లో పెట్టేస్తారు.

గ్రూపు కట్టే పద్ధతి

వాట్సాప్ ఖాతాకు కనీస వయసు 13 ఏళ్లు. ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి అంత వయసు ఉండదు కాబట్టి, గ్రూపులో చేరే నంబరు తల్లిదండ్రులదే కావాలి. పై తరగతులకు కూడా ఇదే పద్ధతిని నేను సిఫారసు చేస్తాను, ఎందుకంటే 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని చెబుతుంది. ప్రధానోపాధ్యాయుల అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోండి. తల్లిదండ్రుల సమావేశంలో గ్రూపు ఎందుకో, ఏ వేళకు తెరుస్తారో, పిల్లల గొంతు, నోటు పుస్తకం ఫొటో అందులోకి వస్తాయో రావో వివరంగా చెప్పి సంతకాలు తీసుకోండి. ఇదంతా కాగితాల తంతుగా అనిపించవచ్చు గానీ, ఏదైనా గొడవ వచ్చిన రోజున ఉపాధ్యాయుణ్ని కాపాడేది ఆ కాగితమే.

మామూలు గ్రూపులో ప్రతి సభ్యుడి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఆడపిల్లల తల్లుల నంబర్లు ఊరందరికీ తెలిసిపోవడం చిన్న విషయం కాదు. దీనికి ఒక ఉపాయం ఉంది. వాట్సాప్‌లో 2022 చివర్లో వచ్చిన ‘కమ్యూనిటీ’ అనే ఏర్పాటులో ప్రకటనల గ్రూపు ఒకటి దానంతటదే ఏర్పడుతుంది. అందులో సందేశాలు పంపేది అడ్మిన్లే, సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనిపించవు. బడి మొత్తానికి ఒక కమ్యూనిటీ పెట్టి, సెలవులు, ఆధార్, స్కాలర్‌షిప్పుల వంటి కబుర్లన్నీ ఆ ప్రకటనల గ్రూపుకు మళ్లించండి. తరగతి గ్రూపు మాత్రం విడిగా, పాఠానికి మాత్రమే ఉండనివ్వండి. ఇందులో నంబర్లు దాగవు కాబట్టి, వద్దనుకునే తల్లులు తండ్రి నంబరో అన్న నంబరో ఇచ్చే వీలు కల్పించండి. ఈ రెండింటినీ వేరు చేయడం ఒక్కటే చేసినా సగం పని అయినట్టే. పూలగుత్తుల మధ్య లెక్కను వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ప్రతి గ్రూపులో ఇద్దరు ఉపాధ్యాయులు అడ్మిన్లుగా ఉండాలి, వీలైతే వారిలో ఒకరు ఉపాధ్యాయిని అయి ఉండాలి. పిల్లలతో విడి చాట్ పెట్టుకోకపోవడం మంచిది; సందేహం ఎంత చిన్నదైనా గ్రూపులోనే అడగమనండి, లేదా మరునాడు తరగతిలో.

ఇక గ్రూపు లింకు సంగతి. మొదటి ఏడాది తొందరలో నేను గ్రూపు లింకును క్యూఆర్ కోడ్‌గా అచ్చు తీసి బడి గేటు పక్క గోడకు అంటించాను. పది రోజులు గడవకముందే ఎవరో తెలియని నంబరు లోపలికి వచ్చి, అర్ధరాత్రి ఒక లోన్ యాప్ ప్రకటన పెట్టి పోయింది. తెల్లవారేసరికి ముగ్గురు తల్లిదండ్రులు దాన్ని బడి పెట్టిన కబురే అనుకుని, ‘సార్, ఇది పిల్లల చదువుకిచ్చే అప్పా?’ అని అడిగారు. ఆ తప్పు మీరు చేయకండి. నంబర్లను మీరే చేర్చండి. లింకు ఇవ్వక తప్పకపోతే, కొత్తగా చేరేవారిని అడ్మిన్ ఆమోదించాలనే సెట్టింగ్‌ను ముందే ఆన్ చేసి, అందరూ చేరాక లింకును రీసెట్ చేయండి.

ఏం పంపాలి

ఎక్కువమంది ఉపాధ్యాయులు హోంవర్కు ఫొటో తీసి పంపుతారు. అది తరగతిలోనే రాయించగలిగిన పని కాబట్టి దానికి ఫోను ఎందుకు? తరగతి గదిలో దొరకనిది, ఇంట్లో మాత్రమే దొరికేది పాఠంలోకి తెప్పించినప్పుడే ఈ మాధ్యమానికి ప్రయోజనం ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆరో తరగతిలో భిన్నాల పాఠం జరుగుతున్నప్పుడు ఒక సాయంత్రం ఇలా వాయిస్ మెసేజ్ పంపాను: ‘మీ ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి. వాళ్ల చిన్నప్పుడు బియ్యం కొలవడానికి ఏయే కొలతలు ఉండేవి? పెద్ద కొలతకు చిన్నవి ఎన్ని పడతాయి? వాళ్లు చెప్పింది అర నిమిషంలో మీ గొంతుతో చెప్పండి.’ ఏడున్నరకల్లా జవాబులు రావడం మొదలైంది. కొందరు పిల్లలు తామే చెప్పారు, కొందరు ఫోను పెద్దావిడ నోటి దగ్గర పెట్టేశారు. ఒకావిడ ‘మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు నాయనా’ అని ఒక పాటలాగా అప్పజెప్పింది, వెనక కుక్కర్ కూత కూడా వినిపించింది. ఒక పిల్ల ‘మా నాయనమ్మ గిద్దెడు నూనె తెమ్మంటే ఏంటో అనుకునేదాన్ని సార్’ అంది.

మరునాడు పొద్దున ఆ పెద్దావిడ గొంతును బ్లూటూత్ స్పీకరులో వినిపించి, బోర్డు మీద ఒకే ఒక ప్రశ్న రాశాను: గిద్ద మానికలో ఎన్నో వంతు? రెండు, రెండు, నాలుగు గుణించుకుని పదహారో వంతు అని పిల్లలే తేల్చారు. సోల నాలుగో వంతు కాబట్టి సోలా గిద్దా కలిస్తే మానికలో 5/16 అని చెప్పడానికి, హారాలు వేరైనప్పుడు ఏం చేయాలన్న సూత్రాన్ని నేను వేరే చెప్పవలసిన పని పడలేదు. సోలలో నాలుగు గిద్దెలున్నాయని నాయనమ్మ చెప్పనే చెప్పింది.

ఇందులో మూడు విషయాలు గమనించండి. ప్రశ్నకు జవాబు ఇంట్లో ఉంది, కాబట్టి ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టే అవకాశం తక్కువ. చదువురాని పెద్దలకు కూడా పాఠంలో చోటు దొరికింది. ఫోనులో వచ్చినది మరునాటి తరగతిలో వాడబడింది. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ వారం కూడా నిలవవు, తాము పంపినదాన్ని ఎవరూ వినరని పిల్లలకు చాలా త్వరగా తెలిసిపోతుంది.

ఇదే పద్ధతిలో కరెంటు బిల్లులోని యూనిట్లూ స్లాబులూ, కిరాణా కొట్టులో కేజీకీ పావుకేజీకీ ఉన్న ధరల తేడా, పెరట్లోని ఆకుల ఈనెల అమరిక, ఊరి పేరు ఎలా వచ్చిందన్న కథ, ఇలా ఏ విషయానికి ఆ విషయం తెప్పించవచ్చు. అయితే కరెంటు బిల్లు ఫొటోనే పంపమనకండి. దాని మీద ఇంటి యజమాని పేరు, సర్వీసు నంబరు ఉంటాయి. అంకెలను నోటు పుస్తకంలో ఎక్కించుకుని రమ్మంటే సరిపోతుంది.

నేను తరచుగా పంపే ఇంకొక రకం, తప్పు లెక్క. బోర్డు మీద (3+4)² = 9+16 = 25 అని రాసి ఫొటో తీసి, ‘ఎక్కడ తప్పింది? సరైన జవాబు వద్దు, తప్పు ఎందుకు జరిగిందో మాటల్లో చెప్పండి’ అని అడుగుతాను. టైపు చేయమంటే పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటారు. మాట్లాడమంటే మాత్రం వాళ్ల ఆలోచన ఎక్కడ తప్పటడుగు వేసిందో గొంతులోనే తెలుస్తుంది. ‘ఏడుని ఏడుతో కదా సార్ హెచ్చించాలి, మీరు మూడుని, నాలుగుని విడివిడిగా హెచ్చించేశారు’ అని ఒక అబ్బాయి చెప్పిన మాటను నేను ఏటా కొత్త తరగతికి వినిపిస్తున్నాను, వాడి పేరు చెప్పకుండా, వాడిని అడిగి.

మూడో రకం మాటల జంట. ఇంగ్లీషు మాధ్యమంలోకి మారిన పిల్లల ఇళ్లలో తల్లిదండ్రులు పుస్తకం పట్టుకుని సాయం చేయలేకపోతున్నారు. ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, ఆ మాట ఎలా పలకాలో పుస్తకం చెప్పదు. వారానికి ఒకసారి ఆ వారం పాఠంలోని నాలుగైదు మాటలను రెండు భాషల్లోనూ పలికి, ‘న్యూమరేటర్ అంటే లవం, గీతకు పైన ఉండేది, డినామినేటర్ అంటే హారం, కింద ఉండేది’ అన్నట్టు నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి. వంట చేసుకుంటూ వినగలిగేది కాబట్టి తల్లులు దీన్ని వింటారు, కొందరు పిల్లల్ని అడుగుతారు కూడా.

గ్రూపులో పోల్ పెట్టే వీలుంది కదా అని క్విజ్‌లు పెట్టేవారున్నారు. నాకు అది నచ్చలేదు. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి తరగతిలో మొదటి ర్యాంకు పిల్లవాడు నొక్కినదాన్నే మిగతావాళ్లూ నొక్కుతారు. రేపు ఏ పాఠం తిరగేద్దాం, ఏ లెక్క కష్టంగా ఉంది అని అడగడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

వీడియోల విషయం

యూట్యూబ్‌లో పాఠాలకు కొదవ లేదు, సరైనదాన్ని ఎంచుకునే ఓపికే కావాలి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే 2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలోని పాఠాలు తెరుచుకుంటాయి. టీశాట్ విద్య వంటి చానెళ్లలో తెలుగు పాఠాలున్నాయి. ముందు వాటిని వెతికి, దొరకనప్పుడే బయటికి వెళ్లండి. ఏ వీడియోనైనా చివరిదాకా మీరు చూడకుండా పంపకండి. మొత్తం పంపడానికి బదులు, పాఠానికి కావలసిన రెండు నిమిషాలు ఎక్కడ మొదలవుతాయో చూసుకుని, కంప్యూటర్‌లో యూట్యూబ్ తెరిచి షేర్ నొక్కినప్పుడు వచ్చే ‘స్టార్ట్ ఎట్’ గడిని టిక్ చేస్తే, లింకు తెరిచినవారికి సరిగ్గా అక్కడి నుంచే ఆడుతుంది. ఎక్కడ ఆపాలో కూడా సందేశంలో రాయండి. ఆటోప్లే ఆపేయమని తల్లిదండ్రులకు ఒకసారి చూపించండి, లేకపోతే లెక్క తరువాత ఏమొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. పెద్ద వీడియోలను ఇంటికి పంపకుండా బడిలోని ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) మీద అందరికీ కలిపి చూపించడమే నయం.

సొంతంగా వీడియో తీయడం అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత అవసరమూ కాదు. రేఖాగణిత నిర్మాణాల వంటి, చేయి కదలిక చూస్తే గాని అర్థంకాని అంశాలకే దాన్ని అట్టిపెట్టుకోండి. కిటికీ పక్కన బల్ల వేసుకుని, రెండు పక్కలా పుస్తకాల దొంతర పేర్చి, వాటిపై స్కేలు అడ్డం పెట్టి, ఫోను కెమెరా కిందికి చూసేలా అమర్చండి. ఫ్యాను ఆపండి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాల్ వచ్చిందంటే వృత్తలేఖిని సగం తిరిగిన చోట రికార్డింగ్ ఆగిపోతుంది. మీ ముఖం అక్కరలేదు, చేతులు కనిపిస్తే చాలు. నాలుగు నిమిషాలు దాటనివ్వకండి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ‘అన్‌లిస్టెడ్’ ఎంచుకుంటే లింకు ఉన్నవారికే కనిపిస్తుంది, ‘పిల్లల కోసం’ అని గుర్తిస్తే వ్యాఖ్యలు రావు. పేరులో తరగతి, పాఠం, అంశం రాస్తే వచ్చే ఏడాది మీకే వెతుక్కోవడం తేలిక.

ఫోను లేని పిల్లలు

ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారి కోసం నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఫోనులో జరిగిన దేనికీ మార్కులు లేవు, ఫోనులో తప్ప ఇంకెక్కడా చెప్పనిది ఏదీ లేదు. సాయంత్రం పంపబోయే ప్రశ్నను చివరి పీరియడ్‌లో బోర్డు మూలన రాసేస్తాను. ఫోను లేనివారు నాయనమ్మను అడిగి జవాబు నోటితో తెస్తారు, పొద్దున వారిచేతనే ముందు చెప్పిస్తాను. ఒకే వీధిలోని నలుగురిని ఒక జట్టుగా కలిపితే ఒక ఫోను సరిపోతుందనేది వినడానికి బాగుంటుంది గానీ, పొద్దుగూకాక ఆడపిల్లల్ని పక్కింటికి పంపడానికి ఇష్టపడని ఇళ్లుంటాయి. తల్లిదండ్రులను అడగకుండా జట్లు కట్టకండి.

పంపకూడనివి

మార్కుల జాబితా గ్రూపులో పెట్టకండి. ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకన) పరీక్షలో ఎవరికి ఎన్ని వచ్చాయో వాళ్ల ఇంటికి మాత్రమే తెలియాలి. ఫీజు బకాయి, కులం, స్కాలర్‌షిప్ అర్హత వివరాలు, ఆధార్ నంబరు ఉన్న ఏ కాగితమూ గ్రూపులోకి రాకూడదు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలను బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టే అలవాటు ఉంటే, దూరం నుంచి తీసినవి, పేర్లు లేనివి మాత్రమే పెట్టండి. పిల్లలపై జరిగిన నేరాల వార్తలు ఫొటోలతో సహా గ్రూపుల్లో తిరుగుతుంటాయి. బాధిత బాలల గుర్తింపు బయటపెట్టడం, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం నేరమని తల్లిదండ్రులకు మొదటి సమావేశంలోనే చెప్పండి.

గ్రూపులో పెట్టినది గ్రూపులోనే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఫొటో, పరీక్ష మొదలైన కాసేపటికే వాట్సాప్‌లో తిరిగిన సంగతి ఉపాధ్యాయులు ఎవరూ మరిచిపోలేదు. పబ్లిక్ పరీక్షల రోజుల్లో ప్రశ్నపత్రాలు అమ్ముతామంటూ టెలిగ్రామ్‌లో మోసగాళ్లు బయలుదేరతారు. లక్షల మంది చేరగల ఆ చానెళ్ల జోలికి పిల్లల్ని పోనివ్వవద్దని ఫిబ్రవరిలోనే చెప్పాలి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే 1930కి, పిల్లవాడిని ఎవరైనా ఆన్‌లైన్‌లో వేధిస్తుంటే 1098కి ఫోను చేయవచ్చు. ఈ రెండు నంబర్లను గ్రూపు వివరణలోనే రాసిపెట్టండి.

ఉపాధ్యాయుల గ్రూపులు

మండల స్థాయిలో, జిల్లా స్థాయిలో సబ్జెక్టు ఉపాధ్యాయుల గ్రూపులున్నాయి. అవి పీడీఎఫ్‌లతో నిండిపోయి ఉంటాయి. ఒకరు పెట్టిన పాఠ్యప్రణాళికను నలుగురు దించుకుని దాచుకుంటారు, చదివేవారు అరుదు. అక్కడ ‘మెటీరియల్ ఉంటే పెట్టండి’ అని అడగకండి. ‘మా తొమ్మిదో తరగతిలో సగం మంది √2ను సంఖ్యారేఖపై చూపించమంటే 1.4 దగ్గర చుక్క పెడుతున్నారు, మీరు ఈ పాఠం దేనితో మొదలుపెడతారు?’ అని అడగండి. అలా అడిగినప్పుడు ఒక సీనియర్ ఉపాధ్యాయిని తాడుతో చదరం కట్టి, దాని కర్ణాన్ని నేలమీద గీసిన రేఖ మీదికి తిప్పి చూపించే పద్ధతిని రెండు నిమిషాల వాయిస్‌లో చెప్పారు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో అందరం కలిసినప్పుడు అదే చేసి చూశాం.

ఏడాది చివర

ఏప్రిల్‌లో చివరి పనిదినానికి ముందు గ్రూపును ముగించే పని పెట్టుకోండి. మళ్లీ వాడదగిన వాయిస్ మెసేజ్‌లను, ఆ పిల్లల తల్లిదండ్రులను అడిగి, పాఠం పేరుతో పెన్‌డ్రైవ్‌లో దాచండి. మిగతావి, ముఖ్యంగా పిల్లల నోటు పుస్తకాల ఫొటోలు, మీ ఫోను గ్యాలరీలోంచి తుడిచేయండి. వాట్సాప్ నుంచి వచ్చినవి గ్యాలరీలో వేరే ఫోల్డరులో పేరుకుపోయి, వాటి కాపీ చాలా ఫోన్లలో గూగుల్ ఫొటోస్‌లో కూడా ఉంటుంది కాబట్టి రెండు చోట్లా చూడాలి. సభ్యులను ఒక్కొక్కరిగా తొలగించి, చివర మీరూ బయటికి రండి. పాత గ్రూపు పేరు మార్చి కొత్త తరగతికి వాడుకోవడం తేలికే గానీ, ఊరు మారినవాళ్లు, బడి మానేసినవాళ్లు, ఎవరివో తెలియని ఒకటి రెండు నంబర్లు అందులోనే ఉండిపోతాయి. జూన్‌లో బడి తెరిచాక, కొత్త కాగితాలు రాయించుకుని, కొత్త సంతకాలతో కొత్త గ్రూపు కట్టండి.